హనుమకొండలో ఇల్లు, హైదరాబాద్‌లో గోల్ఫ్: ఇంట్లో పేచీ లేకుండా ఆడటం ఎలా

నేను కాలువల ఇంజినీరుని. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) కాకతీయ కాలువ గట్ల మీద ఇరవై ఏళ్ళకు పైగా తిరిగినవాణ్ణి. నలభై నాలుగో ఏట ఒక దోస్తు నన్ను హైదరాబాద్‌లో డ్రైవింగ్ రేంజికి, అంటే గోల్ఫ్ బాల్స్ కొట్టి ప్రాక్టీసు చేసే చోటికి తీసుకుపోయి, చేతిలో సెవెన్ ఐరన్ అనే కర్ర పెట్టి కొట్టమన్నాడు. ముప్పై బాల్స్‌లో ఇరవై తొమ్మిది నేల మీద పాకాయి. ఒక్కటి లేచింది. చేతికి ఏమీ తగిలినట్టే లేదు, బాల్ మాత్రం పోతూనే ఉంది. ఆ ఒక్కదాని వెనకాలే ఎనిమిదేళ్ళుగా పోతున్నాను.

చిక్కల్లా దూరం. మా ఇంటి నుంచి గోల్కొండ పక్కనున్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌కు 150 కిలోమీటర్ల పైనే. జనగామ, ఆలేరు, భువనగిరి దాటి, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పోవాలి. పోను మూడు గంటలు, రాను మూడు గంటలు, ఆట నాలుగున్నర గంటలు. ఆదివారం మొత్తం అక్కడే పోతుంది. ఇంట్లో పెళ్ళాం, పాప, అమ్మ. వాళ్ళకూ ఉండేది ఒకటే ఆదివారం. మా వైపు ఉండి ఈ ఆట మొదలుపెట్టాలనుకునేవాళ్ళ కోసం, నేను తప్పులు చేసి నేర్చుకున్నవి రాస్తున్నాను.

ముందు క్యాలెండర్, తర్వాత కర్రలు

2019లో సద్దుల బతుకమ్మ ఆదివారం నాడు వచ్చింది. ముందురోజు రాత్రే చౌరస్తాలో గునుగు, తంగేడు, బంతి కొని తెచ్చి నీళ్ళ బకెట్లలో పెట్టాను. నా పని అయిపోయిందనుకున్నాను. తెల్లవారుజామున కారు తీస్తూ "నాలుగింటికల్లా ఇంట్లో ఉంటా" అని చెప్పాను. ముందు ఆడుతున్న నలుగురు మెల్లగా ఆడారు, ఆట అయ్యాక భోజనం అన్నారు, వచ్చే దారిలో ట్రాఫిక్. ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. పద్మాక్షి గుట్ట దగ్గర ఆడి, బతుకమ్మను నీళ్ళలో వదిలి అందరూ వచ్చేశారు. పాప పట్టులంగాతోనే నిద్రపోయింది. టేబుల్ మీద నా కోసం డబ్బాలో సద్దులు మూతపెట్టి ఉన్నాయి. మా ఆవిడ ఒక్క మాటే అడిగింది: "గెలిచిన్రా?"

ఆ రోజు నా స్కోరు 118. ఈ ఆటలో ఎంత తక్కువ దెబ్బల్లో బాల్‌ను గుంతల్లో (హోల్స్‌లో) వేస్తే అంత గొప్ప. పద్దెనిమిది హోల్స్‌కు పార్, అంటే బాగా ఆడేవాళ్ళకు పట్టే దెబ్బలు, మామూలుగా 72 దగ్గర ఉంటుంది. ఇక మీరే లెక్కేసుకోండి.

అప్పటి నుంచి మా వంటింటి గోడ మీది పంచాంగం క్యాలెండరే నా గోల్ఫ్ డైరీ. ఏడాది మొదట్లోనే ముగ్గురం కూర్చుంటాం. ముందు వాళ్ళవి రాస్తాం: పుట్టినరోజులు, నాన్న సంవత్సరీకం, పాప పరీక్షలు, బతుకమ్మ తొమ్మిది రోజులు, మేడారం జాతర వచ్చే ఏడయితే ఆ వారం. మిగిలిన వాటిలో నెలకొక్క రోజు నాది. మాఘం, ఫాల్గుణం, వైశాఖంలో ఆశ పెట్టుకోవద్దు. ముహూర్తాలుంటాయి, చుట్టాలు ఊరుకోరు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు గాని వాన ఉంటుంది. అన్నిటికంటే మంచిది పుష్యమాసం. శూన్యమాసమని ఎవరూ శుభకార్యం పెట్టుకోరు, పొద్దున చలి, ఎండ నెత్తిన పడదు, గడ్డి బాగుంటుంది. సంక్రాంతి మూడు రోజులు వదిలేసి మిగతాది చూసుకోండి.

టైము చెప్పేటప్పుడు మీరనుకున్నదానికి రెండు గంటలు కలిపి చెప్పండి. ముందొస్తే సంతోషిస్తారు. తీరిక లేకుంటే తొమ్మిది హోల్స్ ఆడి రండి, రెండున్నర గంటల్లోపు అయిపోతుంది. తొమ్మిదితో ఆపితే ఎవరూ చిన్నచూపు చూడరు. నేను శనివారం సాయంత్రమే బయలుదేరి మెహదీపట్నంలో మా చెల్లె ఇంట్లో పడుకుంటాను. ఖాళీ చేతుల్తో పోను, అమ్మ చేసిన సకినాలో సర్వపిండో ఉండాల్సిందే. తెల్లారి ఆడి మధ్యాహ్నం భోజనానికి హనుమకొండ తోవ పడతాను.

ఏం కొనాలి

రూల్ ప్రకారం బ్యాగులో 14 కర్రలకు మించి ఉండకూడదు. 14 ఉండి తీరాలని ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది మూడు చాలు: సెవెన్ ఐరన్, ఒక వెడ్జి (దగ్గర నుంచి బాల్‌ను ఎత్తుగా లేపే కర్ర), పుట్టర్ (బాల్‌ను నేల మీదే హోల్‌లోకి దొర్లించే కర్ర). సెకండ్ హ్యాండ్‌వి తీసుకోండి. అన్నిటికంటే దూరం కొట్టే కర్ర, డ్రైవర్ మీదికి మనసు పోతుంది, తట్టుకోండి. కాలరున్న టీషర్టు, జీన్స్ కాని ప్యాంటు ఉండాలి, చాలా క్లబ్బుల్లో వేరేవాటితో రానివ్వరు. ఏ కోర్సుకైనా (గోల్ఫ్ ఆడే మైదానానికి) ముందు ఫోన్ చేసి సభ్యులు కానివాళ్ళను ఏ రోజుల్లో ఆడనిస్తారో, ఫీజెంతో అడగండి. మామూలు రోజుల్లో తక్కువే ఉంటుంది.

పిల్లలకు మాత్రం మీ పాత కర్రను సగానికి కోయించి ఇవ్వొద్దు. నేను చేశాను. కోస్తే పొడవే తగ్గింది, కింద ఇనుము బరువు అట్లాగే ఉంది, కడ్డీ ఇంకా బిర్రుగా అయింది. పాప దాన్ని గునపంలా ఎత్తి దించేది. వాళ్ళ ఎత్తుకు తగ్గవి వేరే దొరుకుతాయి.

జంఖానా మీద పుట్టింగ్

ఇదే అసలు సంగతి. పుట్టింగ్ అంటే పుట్టర్‌తో బాల్‌ను హోల్‌లోకి దొర్లించడం. బాగా ఆడేవాళ్ళకు కూడా ఒక రౌండులో మూడో వంతుకు పైగా దెబ్బలు పుట్టర్‌తోనే పడతాయి. దానికి 150 కిలోమీటర్లు పోవాల్సిన పని లేదు. టైల్స్ మీద బాల్ ఆగదు. కొత్తవాడలో నేసిన వరంగల్ జంఖానా (నూలు తివాచీ) పరిస్తే బాల్ సరిగ్గా గ్రీన్ మీద, అంటే హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీద పోయినట్టు పోతుంది. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకు, మా ఇంట్లో పుట్టింగ్ గ్రీన్. మాది తొమ్మిదడుగుల పొడవు. దాని గీతలు అడ్డంగా ఉంటాయి, దూరం కొలవడానికి అవే గుర్తులు. మధ్యలో నిలువుగా మేస్త్రీ దారం ఒకటి బిగించి కట్టుకుంటే బాల్ పోవాల్సిన గీత కూడా కనిపిస్తుంది.

హోల్ అడ్డం కొలత 108 మిల్లీమీటర్లు. సుద్దముక్కతో అంత సున్నా గీయండి, లేదా స్టీలు గ్లాసు పడుకోబెట్టండి. మా ఇంటి గ్లాసు మూతి 70 మిల్లీమీటర్లు. నెల రోజులు దానిలోకి కొట్టి కోర్సుకు పోతే అక్కడి హోల్ గంగాళంలా కనిపిస్తుంది. పుట్టర్ మొహానికి అటూ ఇటూ వేలెడు సందు వదిలి రెండు అగ్గిపెట్టెలు పెట్టండి. పుట్టర్ వాటికి తగలకుండా వెనక్కి పోయి ముందుకు రావాలి. మూడడుగుల నుంచి వరసగా పది పడ్డాకే ఆరడుగులకు జరగండి. తొమ్మిదో బాల్ తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. టెన్షన్ ఎట్లా ఉంటుందో ఇంట్లోనే తెలుస్తుంది.

కర్రను ఎంత గట్టిగా పట్టుకోవాలని అందరూ అడుగుతారు. బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగు కట్టను చేతిలోకి తీసుకుంటాం కదా, జారకూడదు, నలగకూడదు. అంతే. పిల్లలయితే క్రికెట్ బ్యాటులా పది వేళ్ళతో పట్టుకోనివ్వండి, వేళ్ళ మెలికలు తర్వాత నేర్పొచ్చు.

కోర్సులో వాలు చూడటం మాత్రం నా ఉద్యోగం నేర్పింది. గ్రీన్ మీదికి ఎక్కుతూనే అనుకోండి: ఇక్కడ బిందెడు నీళ్ళు కుమ్మరిస్తే ఎటు పారతాయి? బాల్ అటే వంగుతుంది. బాల్ వెనక నుంచి ఒక్కసారి చూస్తే చాలదు, పల్లం వైపుకు పోయి చూడండి, వాలు అక్కడి నుంచి బాగా కనిపిస్తుంది. వేగం తగ్గినకొద్దీ వంపు ఎక్కువవుతుంది. అందుకే హోల్ దగ్గరి చివరి రెండడుగుల వాలునే జాగ్రత్తగా చూడాలి.

డాబా మీద

గోల్ఫ్ బాల్ 46 గ్రాముల లోపే, చూస్తే నిమ్మకాయంత. తగిలితే రాయి. డాబా మీదగాని, పొద్దున వాకింగ్ చేసేవాళ్ళుండే గ్రౌండులోగాని అసలు బాల్‌తో కొట్టొద్దు. స్పాంజి బాల్స్ దొరుకుతాయి, లేదంటే చిల్లుల ప్లాస్టిక్‌వి. కొబ్బరిపీచు పట్టా మీద బాల్ పెట్టి, ఆరడుగుల దూరంలో తడి టవలు పరిచి, దాని అవతల చాట పెట్టండి. బాల్ టవలు మీద పడి చాటలోకి పోవాలి. కుడిచేతి వాటం వాళ్ళు బరువు ఎడమ కాలి మీద ఉంచండి, మణికట్లు కదలొద్దు. బాల్‌ను లేపాలని చూడొద్దు. కర్ర మొహానికి వాలు పెట్టిందే దానికి. మీరు కిందికి కొడితే అది పైకి లేస్తుంది. ఇది నమ్మడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఏప్రిల్, మే నెలల్లో డాబా మాది కాదు. ఒకసారి నా బాల్ పోయి అమ్మ పెట్టిన వడియాల మధ్యలో పడింది. తీయడానికి పోయి నేను కూడా తొక్కాను. ఆ వేసవిలో మిరపకాయలు ఆరిపోయే దాకా నన్ను మెట్లెక్కనివ్వలేదు.

వాళ్ళను లాగొద్దు, రానివ్వండి

"నువ్వూ రా, బాగుంటుంది" అని నేను మా ఆవిడను రెండేళ్ళు సతాయించాను. రాలేదు. ఆమెను టీవీ ముందు కూర్చోబెట్టింది మన దేశపు గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్. 2021 ఆగస్టు 7, శనివారం పొద్దున, టోక్యో ఒలింపిక్స్‌లో ఆఖరి రౌండు. నేను సౌండు తగ్గించి చూస్తున్నాను. మా ఆవిడ చాయ్ ఇవ్వడానికి వచ్చి నిలబడిపోయింది.

"ఆ బ్యాగు మోసేటామె ఎవరు?"

"వాళ్ళమ్మ."

"వాళ్ళమ్మనా?" అని గ్లాసు పక్కన పెట్టి కూర్చుంది. 2016లో రియోలో వాళ్ళ నాన్న మోశాడని చెప్పాను. అప్పటి నుంచి ప్రశ్నలే. పార్ అంటే ఏంది, అంత చిన్న బాల్ ఎట్లా కనిపిస్తది, ఈ పిల్ల దూరం కొట్టకున్నా ఎట్లా పోటీ ఇస్తుంది? దానికి జవాబు పుట్టింగ్, మన జంఖానా పని. అదితి ఒకే ఒక్క దెబ్బ తేడాతో కంచు పతకం పోగొట్టుకొని నాలుగో స్థానంలో నిలిచింది. సాయంత్రం నీరజ్ చోప్రా బంగారు పతకం తెచ్చాడు, ఊరంతా దాని గురించే. మా ఇంట్లో మాత్రం రాత్రి అన్నాల దగ్గర కూడా ఆ తల్లి ముచ్చటే. మర్నాడు ఎనిమిదేళ్ళ పాప జంఖానా పరిచి ఉంది, వాళ్ళమ్మ గ్లాసు పెట్టింది.

పిల్లలకు నేర్పాలంటే హోల్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. ముందు ఒకడుగు నుంచి. పడ్డ చప్పుడు వినాలి వాళ్ళు. తర్వాత మూడడుగులు, తర్వాత చాటలోకి, ఆ తర్వాతే రేంజి. ఇరవై నిమిషాలు దాటనివ్వొద్దు, ఇంకా ఆడతానని అడుగుతుండగానే ఆపాలి. "మోచెయ్యి, తల, మోకాలు" అని సూచనలివ్వకండి. ఒక పూటకు ఒకటే మాట.

నాన్న, బిడ్డ సమానంగా పోటీ పడగలిగే ఆటలు తక్కువ. గోల్ఫ్‌లో హ్యాండిక్యాప్ అనే లెక్కుంది, తక్కువ ఆట వచ్చినవాళ్ళ స్కోరులోంచి ఎక్కువ దెబ్బలు తగ్గిస్తారు. 2020లో వచ్చిన విధానంలో గరిష్ఠం 54. నాది 26 అనుకోండి, పాపది 54. అంటే తేడా 28 దెబ్బలు ఆమెకు ముందే ఇచ్చి ఆడాలి. నేను 100 కొట్టి, ఆమె 127 కొడితే, ఆమే గెలిచింది. ఇంట్లో ఇంకా సులువు: నేను తొమ్మిదడుగుల నుంచి, మా ఆవిడ ఆరు, పాప మూడు. ఓడినవాళ్ళు గిన్నెలు కడగాలి. నేను ఆడ్డం మొదలుపెట్టాక గిన్నెలు ఎక్కువ కడిగింది నేనే.

కోర్సుకు తీసుకుపోతే ఆటంతా వెంట తిప్పొద్దు. మొదటిసారి తొమ్మిది హోల్స్ నాతో నడిపించాను, నాలుగో హోల్‌కే పాప మొహం మాడింది. ఇప్పుడు పాప, వాళ్ళమ్మ గోల్కొండ కోట ఎక్కుతారు, నేను ఆడతాను. అది మొదట కాకతీయుల మట్టికోట అంటారు, కాబట్టి మనం మన ఇంటికే పోయినట్టని పాపకు చెప్తాను. చివరి రెండు హోల్స్‌కు వస్తారు. ఎదుటివాళ్ళు కొట్టేటప్పుడు మాట్లాడొద్దు, కదలొద్దు, వాళ్ళ పుట్టింగ్ గీత తొక్కొద్దు. పోయిన బాల్ కోసం మూడు నిమిషాలే వెతకాలి, 2019కి ముందు అయిదుండేది. వెతికే పని పాపది. పొదల్లోకి చెయ్యి పెట్టనివ్వొద్దు, పాములుంటాయి.

పుట్టింగ్ అయ్యాక దారం విప్పి, జంఖానా చుట్టి మంచం కింద పెట్టండి, చుట్టాలొచ్చినప్పుడు కాలికి తగలకూడదు. బాల్స్ లెక్కపెట్టండి. మా ఇంట్లో ఆరుండాలి, ఎప్పుడూ అయిదే ఉంటాయి. ఆరోది మా అమ్మ దగ్గర. మడమ నొప్పికి అరికాలి కింద పెట్టుకొని దొర్లిస్తుంది, సీరియల్ అయిపోయేదాకా. అది మాత్రం అడగను.