ఎమర్జెన్సీకి ఫోన్ చేస్తే ఎలా మాట్లాడాలి: హెడ్‌సెట్ పెట్టుకున్నవాడి మాట

కొన్నేళ్లు ఎమర్జెన్సీ కంట్రోల్ రూమ్‌లో కాల్స్ తీసుకున్నాను. అక్కడ రోజూ వినపడే మాట ఒకటుంది: "ముందు బండి పంపండి సార్, ఈ ప్రశ్నలన్నీ తర్వాత అడుగుదురు గానీ!" ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే. కానీ మీరు ఆ మాట అనేసరికి చాలాసార్లు బండి బయల్దేరే ఉంటుంది.

మీతో మాట్లాడేది కాల్ టేకర్. బండ్లను పంపేది డిస్పాచర్, అదే గదిలో ఇంకో సీట్లో ఉంటాడు. కాల్ టేకర్ టైప్ చేస్తున్నది అతని స్క్రీన్ మీద అప్పటికప్పుడే కనపడుతుంది. చోటు తెలిసి, విషయం పెద్దదని తేలిందంటే చాలు, మీరు ఇంకా మాట్లాడుతుండగానే దగ్గర్లో ఖాళీగా ఉన్న బండికి కబురు వెళ్లిపోతుంది. (చిన్న సెంటర్లలో రెండు పనులూ ఒక్కరే చేస్తారు, అక్కడ కొంచెం ఓపిక పట్టాలి.) ఆ తర్వాత అడిగేవన్నీ దారిలో ఉన్న సిబ్బంది కోసం, పక్కనున్న మీచేత ఏదైనా చేయించడం కోసం.

కాబట్టి నోరు తెరవగానే చెప్పాల్సింది చోటు. మనకేమో కథ మొదటినుంచీ చెప్పే అలవాటు. "నేను పనినుంచి వస్తున్నానండీ, ఇక్కడేమో జనం గుమిగూడి ఉన్నారు, ఏంటా అని చూస్తే..." అని మొదలుపెడతాం. ఆ "చూస్తే" దగ్గర కాల్ కట్ అయిందనుకోండి, అవతలివాళ్ల దగ్గర మీ నంబరు తప్ప ఏమీ ఉండదు. లొకేషన్ వాళ్లకి కనపడుతుందిగా అంటారా? కొన్ని దేశాల్లో, కొన్ని ఫోన్లలో ఎమర్జెన్సీ కాల్ చేయగానే జీపీఎస్ లొకేషన్ తనంతట తానే వెళ్తుంది, నిజమే. అది లేనిచోట తెలిసేది టవర్ మాత్రమే, ఊరి బయట ఒక్కో టవర్ పరిధి కిలోమీటర్ల మేర ఉంటుంది. జీపీఎస్ ఉన్నా మీరు మూడో అంతస్తులో ఉన్నారో ఏడులో ఉన్నారో దాన్ని నమ్మి చెప్పడం కష్టం. అపార్ట్‌మెంటయితే బ్లాకు, అంతస్తు, ఏ గేటు తీసి ఉందో చెప్పండి. హైవే అయితే ఎటునుంచి ఎటు వెళ్తున్నారో చెప్పి తీరాలి. డివైడర్‌కి అవతలి వైపు వచ్చిన అంబులెన్స్ ఎక్కడో యూటర్న్ తీసుకుని రావాలి. కిలోమీటరు రాయి, కరెంటు స్తంభం మీది నంబరు, ఏది కనపడితే అది చదవండి.

రెండు ప్రాంతాల సరిహద్దులో ఉంటే మీ కాల్ పక్క ప్రాంతం టవర్ పట్టుకుని అక్కడి సెంటర్‌కి వెళ్లొచ్చు. రాంగ్ నంబరని పెట్టేయకండి. ఊరి పేరు చెబితే వాళ్లే కలుపుతారు.

చోటు తర్వాత ఏమైందో ఒక్క వాక్యంలో చెప్పి, అడిగినదానికి జవాబివ్వండి. స్పృహలో ఉన్నారా, మామూలుగా ఊపిరి తీసుకుంటున్నారా అన్నవి దాదాపు ప్రతిసారీ అడుగుతారు. "మామూలుగా" అన్న మాట కావాలనే అంటారు. గుండె ఆగిపోయిన మనిషి కాసేపు నోరు తెరిచి ఉండుండి గురకలాగా, ఎక్కిళ్లలాగా గాలి పీల్చొచ్చు, దాన్ని చూసి ఇంట్లోవాళ్లు "ఆ, ఊపిరి ఆడుతోందండీ" అనేస్తారు. అది ఊపిరి కాదు. అనుమానంగా ఉంటే అవును, కాదు అనకుండా కనపడుతున్నది కనపడుతున్నట్టు చెప్పండి.

స్పృహ లేదు, ఊపిరి సరిగా లేదు అని తేలితే కాల్ టేకర్ మీచేతే ఛాతీ నొక్కిస్తాడు. సీపీఆర్ నేర్చుకోలేదే అని ఆగొద్దు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి కింద ఉంచండి, మనిషిని గట్టి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టండి, ఛాతీ మధ్యలో ఒక అరచేతి మడమ, దానిమీద రెండో చెయ్యి. పెద్దవాళ్లకయితే 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. లెక్క వాళ్లు ఫోన్లో పెడుతూనే ఉంటారు. పక్కటెముక విరుగుతుందేమో అని భయపడి మెల్లగా నొక్కేవాళ్లే ఎక్కువ. విరిగితే అతుక్కుంటుంది, ఆపకండి.

నిప్పంటుకుంటే ముందు బయటికి రండి, ఫోన్ తర్వాత. లోపల ఎవరైనా ఉండిపోతే ఏ గదిలో ఉన్నారో చెప్పండి. తెగిపడిన కరెంటు వైరు, గ్యాస్ వాసన, కత్తి పట్టుకున్న మనిషి, కరిచే కుక్క ఉంటే అడగకపోయినా చెప్పాలి, వచ్చేవాళ్లు కూడా మనుషులే.

లైన్ కలవడం లేటయిందని కట్ చేసి మళ్లీ మళ్లీ చేస్తే ప్రతిసారీ క్యూ చివరికి పోతారు. అసలు ఎమర్జెన్సీకి ప్రత్యేక నంబరు పుట్టిందే క్యూ వల్ల: 1935లో లండన్‌లో ఒక ఇంట్లో మంటల్లో అయిదుగురు చనిపోయారు, ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసిన పొరుగాయన ఎక్స్ఛేంజీ క్యూలో ఇరుక్కుపోయాడు, ఆ గొడవ నుంచే 1937లో 999 వచ్చింది. ఇప్పటికీ క్యూ ఉంది, కాకపోతే బండ్ల క్యూ ముందు ఎవరు ఫోన్ చేశారన్నదాన్నిబట్టి నడవదు, ప్రాణాపాయాన్నిబట్టి నడుస్తుంది. మీది చెయ్యి విరిగిన కేసయితే, మీ తర్వాత ఫోన్ చేసినవాళ్ల ఇంటికి బండి ముందు వెళ్లొచ్చు.

జేబులో ఫోన్ నొక్కుకుని కాల్ వెళ్లిపోయిందా? సిగ్గుపడి కట్ చేయొద్దు, పొరపాటున వచ్చిందని చెప్పండి. కట్ చేస్తే నిజంగా ప్రమాదమేమో అని వాళ్లు తిరిగి ఫోన్ చేయాలి, ఎత్తకపోతే కొన్నిచోట్ల మనిషినే పంపుతారు. రోడ్డు ప్రమాదానికి మాత్రం ఎవరో చేసుంటార్లే అనుకోకండి. "మాకు తెలిసిందండీ, బండి వస్తోంది" అని టక్కున పెట్టేస్తే చిన్నబుచ్చుకోవద్దు, ఒకే యాక్సిడెంట్‌కి పదిమంది వరసగా చేస్తారు.

కాల్ అయిపోయాక ఆ ఫోన్‌తో చుట్టాలకి కబుర్లు చెప్పడం మొదలుపెట్టకండి. డ్రైవర్ దారి అడగడానికి చేసేది దానికే. వీలుంటే ఒకరిని రోడ్డు మీదికి పంపండి, రాత్రయితే గుమ్మం లైటు వేయండి. మధ్యలో పరిస్థితి మారితే, లేదా ఆగలేక మీరే కారులో ఆస్పత్రికి తీసుకెళ్లిపోతే, మళ్లీ ఒక్క ఫోన్ చేయండి. తాళం వేసిన తలుపు ముందు సిబ్బంది తలుపు కొడుతూ నిలబడటం, లోపల మనిషి పడిపోయాడేమో అని పగలగొట్టాలా వద్దా అని మమ్మల్ని అడగడం నేను విన్నాను, అదే సమయంలో ఇంకో లైన్లో వేరే వీధివాళ్లు బండి కోసం ఎదురుచూస్తున్నారు.