సింగిల్ షాట్ తుపాకీతో జింక వేట: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

నవంబర్ చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగ తర్వాతి సోమవారం అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జింకల గన్ సీజన్, అంటే తుపాకీతో వేటకు అనుమతి ఉన్న రోజులు, మొదలవుతుంది. ఏడాదంతా ఎదురుచూసిన వారం అది. చీకట్లోనే చెట్టెక్కి, రెండు గంటలు చలికి వణుకుతూ కూర్చున్నాక జింక వస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే ‘టిక్’మని చిన్న చప్పుడొచ్చి ఊరుకుంటుంది. ఆ బాధ పడ్డవాడిని కాబట్టే ఇది రాస్తున్నాను. ఒక్కసారికి ఒక్క తూటానే పట్టే సింగిల్ షాట్‌లో వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు అడవిలో పుట్టవు. ఇంట్లోనో, గురి సాధన చేసే రేంజ్‌లోనో మనం చూసుకోకుండా వదిలేసినవే అక్కడ బయటపడతాయి.

ముందు చట్టం సంగతి. సీసా మెడలా కొస సన్నబడే రైఫిల్ తూటాలు ఒహాయోలో జింకల మీద వాడకూడదు. కింది నుంచి పైదాకా తిన్నగా ఉండే తూటాల రైఫిళ్లకు 2014 నుంచి అనుమతి ఉంది, ఇప్పుడు 357 నుంచి 50 క్యాలిబర్ దాకా (అంటే గుండు వ్యాసం 0.357 నుంచి 0.50 అంగుళం) వాడొచ్చు. 450 బుష్‌మాస్టర్, 45-70 లాంటి తూటాలు పట్టే, మధ్యకు మడిచి తెరిచే సింగిల్ షాట్ తుపాకులు ఇక్కడ ఎక్కువగా కనిపించడానికి అదొక కారణం. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి లైసెన్స్ గడువు తేదీ చూసుకుంటూ ఉండండి, రేంజ్‌కి వెళ్లినా అది జేబులో ఉండాలి. ఇక మన ఊళ్ల సంగతంటారా, అక్కడ జింకను కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఈ రాతంతా ఒహాయో అడవి గురించే.

టిక్‌మంది, పేలలేదు

వెంటనే తెరవకండి. గొట్టం నేల వైపో, వెనక మట్టిగట్టు ఉన్న వైపో పెట్టి ముప్పై లెక్కపెట్టండి. ఒక్కోసారి మందు ఆలస్యంగా అంటుకుంటుంది. అది తెరిచిన తుపాకీలో జరిగితే మొహం మీదికే వస్తుంది.

ఆ తర్వాత తెరిచి తూటా అడుగున ప్రైమర్ (పిన్ దెబ్బకు నిప్పు పుట్టించి మందును అంటించే చిన్న టోపీ) చూడండి. కారణం అక్కడే తెలుస్తుంది.

ప్రైమర్ మీద పిన్ నొక్కు అసలే పడలేదంటే తుపాకీ పూర్తిగా మూసుకోలేదన్నమాట. జింకకు వినపడకూడదని చాలామంది గొట్టాన్ని మెల్లగా, పసిపిల్లను పడుకోబెట్టినట్టు మూస్తారు. పైకి మూసుకున్నట్టే ఉంటుంది గానీ లోపల గొళ్లెం చివరిదాకా దిగదు. మూసే చోట ఎండుటాకు ముక్కో, ఇసుక రేణువో పడ్డా ఇదే జరుగుతుంది. చెట్టెక్కేటప్పుడు తుపాకీ ఖాళీగానే ఉండాలి. పైన కూర్చుని తాడుతో లాక్కున్నాక, తెల్లారకముందే తూటా పెట్టి గట్టిగా మూసేయండి. ఆ ఒక్క చప్పుడును అడవి పది నిమిషాల్లో మరిచిపోతుంది.

నొక్కు పడింది గానీ లోతు లేదంటే రెండు అనుమానాలు. మొదటిది నూనె. వేసవిలో దట్టంగా పూసిన నూనె నవంబర్ చలికి జిగురులా మారి ఫైరింగ్ పిన్‌ను పట్టేస్తుంది. పిన్ ఉండే చోటు శుభ్రం చేసి పొడిగా ఉంచండి, కావాలంటే ఒక్క చుక్క పల్చటి నూనె చాలు. రెండోది మన వేలు. కొన్ని తుపాకుల్లో హ్యామర్‌కీ (కాల్చే ముందు బొటనవేలితో వెనక్కి లాగే సుత్తి) పిన్‌కీ మధ్య ఒక పట్టీ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నంతసేపే అది పైన నిలబడుతుంది. చటుక్కున నొక్కి వదిలేస్తే పట్టీ జారిపోయి దెబ్బ మెత్తగా పడుతుంది. నొక్కిన వేలిని మోత అయ్యేదాకా వెనక్కే ఉంచడం అలవాటు చేసుకోండి. గురికి కూడా అదే మంచిది.

నొక్కు లోతుగా ఉండీ పేలకపోతే తప్పు తూటాదే. ఆ పెట్టెలోవి వేటకు తీసుకెళ్లకండి.

పేలింది, ఖాళీ తూటా బయటికి రాదు

నా మొదటి సీజన్‌లో ఇదే జరిగింది. ఆగ్నేయ ఒహాయో కొండల్లో, వానా మంచూ కలిసి పడుతున్న పొద్దున, జింక ఎనభై గజాల్లో ఇంకా నిలబడే ఉంది. ఖాళీ తూటా అర అంగుళం బయటికొచ్చి ఇరుక్కుపోయింది. గోళ్లతో లాగుతుంటే చేతులు మొద్దుబారి పట్టు దొరకలేదు. జింక నన్ను చూసి తోక ఎత్తి వెళ్లిపోయింది.

కారణం ఏమిటంటే, తుపాకీ తుప్పు పట్టకూడదని తూటా కూర్చునే గదిలో కూడా నూనె పూసి పెట్టాను. ఆ జిడ్డుకు మసి, దుమ్ము అంటుకున్నాయి. వేటకు ముందు రోజు రాత్రి ఆ గదిని పొడి గుడ్డతో తుడిచి, వేలు పెట్టి చూస్తే జిడ్డు తగలకూడదు. సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లయితే ప్రతి తూటానూ ముందే ఖాళీ గొట్టంలో పెట్టి తీసి చూడాలి. శుభ్రంగా ఉన్నా ఇరుక్కుంటుంటే లోపల గరుకు ఉన్నట్టు, గన్‌స్మిత్ చేత పాలిష్ పట్టించండి. మూడు ముక్కలుగా విప్పే క్లీనింగ్ రాడ్ ఒకటి సంచిలో ఉంటే, లోపలున్నది ఖాళీ తూటాయేనని నిర్ధారించుకుని మూతి వైపు నుంచి తట్టి బయటికి తోసేయొచ్చు.

రేంజ్‌లో గుండ్లు ఒకచోట పడవు

మొదటిది బాగా పడి, రెండోది, మూడోది పక్కకు జరుగుతూ పోతే గొట్టం వేడెక్కుతోంది. పల్చటి గొట్టాలకు అది సహజం. జింకకు తగలాల్సింది చల్లటి గొట్టంలోంచి వెళ్లే మొదటి గుండే కదా! అందుకే నేను వరసగా ఐదు కాల్చి చూడను. ఐదు వేర్వేరు రోజులు వెళ్లి, అదే కాగితం మీద రోజుకు ఒక్కటే కాలుస్తాను. ఆ ఐదూ ఎక్కడ పడ్డాయో అదే నా అసలు గురి.

ఏ వరసా లేకుండా చెదురుతుంటే ముందు స్కోప్ మరలు చూడండి. తేలికపాటి తుపాకీ ఇచ్చే కుదుపుకు అవి వదులవుతాయి. అవి బిగుతుగానే ఉంటే కింద ఆనించే చోటు చూడండి. ఈ తుపాకుల్లో ముందు చెక్క నేరుగా గొట్టానికే మరతో బిగించి ఉంటుంది. ఆ చెక్క కొసను సంచి మీద ఒకసారి, మధ్యను ఇంకోసారి ఆనిస్తే గొట్టం మీద ఒత్తిడి మారి గుండు దిశ మారుతుంది. మడత బందుకు దగ్గరగా, ఎప్పుడూ ఒకేచోట ఆనించండి. చెక్కకూ గొట్టానికీ మధ్య, మర దగ్గర చిన్న రబ్బరు రింగు పెట్టడం పాత చిట్కా. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఆ రింగుతో చాలా తుపాకులు దారికొచ్చాయి.

గుండ్లు ఎప్పుడూ కిందికే పడుతుంటే మాత్రం తుపాకీని అనుమానించే ముందు మనల్ని మనం చూసుకోవాలి. మోతకు ముందే భుజం బిగుసుకుంటోందేమో! స్నేహితుణ్ణి పక్కన నిలబెట్టుకుని, కొన్నిసార్లు అసలు తూటా, కొన్నిసార్లు డమ్మీ, మీకు చెప్పకుండా పెట్టమనండి. డమ్మీ మీద ట్రిగ్గర్ నొక్కినప్పుడు గొట్టం కిందికి ఊగితే రోగం దొరికినట్టే. భుజానికి దెబ్బ తగ్గించే మెత్తటి రికాయిల్ ప్యాడ్ వేయించండి, ఇంట్లో డమ్మీతో రోజూ పది నిమిషాలు సాధన చేయండి, తేలిక తూటాలతో మొదలుపెట్టండి.

హ్యామర్ లాగిన చప్పుడుకే జింక పారిపోతోంది

స్కోప్ ఉన్న తుపాకీలో హ్యామర్ మీద బొటనవేలికి చోటు ఉండదు, పైగా చేతికి గ్లోవ్స్. పక్కకు పొడుచుకొచ్చే హ్యామర్ కొమ్ము ఒకటి బిగించుకుంటే సగం ఇబ్బంది తీరుతుంది. మిగతా సగం సమయం తెలుసుకోవడమే. జింక తల చెట్టు వెనక్కి వెళ్లినప్పుడో, గడ్డి కోసం తల దించినప్పుడో లాగాలి. కాల్చకుండా హ్యామర్ దించాల్సి వస్తే గ్లోవ్ తీసేసి, గొట్టం నేలవైపు పెట్టి దించండి. ఖాళీ తుపాకీతో ఇంట్లో వందసార్లు చేసిన తర్వాతే అడవిలో చేయాల్సిన పని అది.

మజిల్ లోడర్: ప్రైమర్ పేలింది, మందు అంటుకోలేదు

జనవరిలో మజిల్ లోడర్ సీజన్ వస్తుంది. మూతి నుంచి మందూ గుండూ కూరే పద్ధతి మన ఏజెన్సీ ప్రాంతాల నాటు తుపాకీని చూసినవాళ్లకు తెలిసిందే. ఇక్కడ మొదటి శత్రువు తేమ. బయట తిరిగిన తుపాకీని వెచ్చటి ఇంట్లోకి తెస్తే లోపలంతా చెమ్మ పడుతుంది. రాత్రికి ప్రైమర్ తీసేసి, తాళం వేసిన చల్లటి గ్యారేజీలోనే ఉంచండి. రెండో శత్రువు మళ్లీ నూనే. మందు పోయకముందు వట్టి ప్రైమర్లు రెండు పేల్చి నిప్పు వెళ్లే దారి ఆరబెట్టండి.

గుండు మందును ఆనుకుని కూర్చోవాలి, మధ్యలో ఖాళీ ఉంటే గొట్టం పగిలే ప్రమాదం ఉంది. గుండు పూర్తిగా దిగినప్పుడు కూరే కడ్డీ మీద మూతి దగ్గర ఒక గీత పెట్టుకోండి. ప్రతిసారీ ఆ గీత దాకా దిగిందో లేదో చూడండి. దిగకపోతే లోపల మసి ఉన్నట్టు, తుడిచాకే కూరాలి. తయారీదారు పుస్తకంలో రాసిన మందు తప్ప మరొకటి పోయకండి. మామూలు తూటాల్లో వాడే పొగలేని మందు పోస్తే ప్రాణాల మీదికొస్తుంది.

కాల్చాను, జింక కనపడకుండా పోయింది

అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఇదే. ఇక్కడ తప్పు చేస్తే ఒక ప్రాణి పొదల్లో బాధపడుతూ చస్తుంది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

మోత అయిన క్షణం నుంచే పని మొదలవుతుంది. తుపాకీ దించకుండా, కళ్లు జింక మీదే ఉంచి రెండో తూటా పెట్టండి. దానికోసం జేబులో వెతుక్కుంటే అయినట్టే. భుజానికి ఆనే మడమ చెక్కకు తొడిగే తూటాల పట్టీ వాడండి, రేంజ్‌లో ప్రతి గుండు తర్వాతా ఇది సాధన చేయండి. జింక ఎలా కదిలిందో గుర్తుంచుకోండి. వెనక కాళ్లు ఎగరేసి దూసుకుపోతే తరచుగా గుండెకో ఊపిరితిత్తులకో తగిలి ఉంటుంది. వీపు వంచి, ముడుచుకుని మెల్లగా నడిస్తే కడుపులో తగిలిందని భయపడాలి. అది నిలబడ్డ చోటుకూ, ఆఖరిసారి కనిపించిన చోటుకూ ఒక్కో చెట్టును గుర్తు పెట్టుకోండి.

పడినట్టు కళ్లారా చూస్తే తప్ప అరగంట దిగకండి. ఆ తర్వాత అది నిలబడ్డ చోటుకు వెళ్లి వంగి చూడండి. లేత ఎరుపు నెత్తుట్లో చిన్న నురగ బుడగలుంటే ఊపిరితిత్తులు. ఎక్కువ దూరం పోయి ఉండదు, వెంబడించవచ్చు. ముదురు మెరూన్ రంగైతే కాలేయం, కనీసం మూడు నాలుగు గంటలు ఆగండి. పచ్చటి చారికలు, మేత ముక్కలు, దుర్వాసన ఉంటే కడుపు. అప్పుడు వచ్చిన దారినే చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లి, ఆరేడు గంటల తర్వాత రావాలి. తొందరపడి లేపితే అది మైళ్లు పోతుంది. తరమకపోతే సాధారణంగా మొదటి దట్టమైన పొదలోనే పడుకుంటుంది.

నెత్తురు కనిపించలేదని తగల్లేదనుకోకండి. చెట్టు మీంచి కాల్చిన గుండు లోపలే ఆగిపోతే రంధ్రం పైన ఉంటుంది, నెత్తురు లోపలే నిండుతుంది. మూడేళ్ల కిందట అలాంటి జింక కోసం నేలమీద మోకాళ్లతో వెతికాను. ఒక ఓక్ ఆకు అడుగున మినపగింజంత చుక్క, పన్నెండు అడుగుల అవతల గడ్డిపరక మీద ఇంకొకటి. అవి ఉన్నచోట టాయిలెట్ పేపర్ ముక్కలు పెడుతూ పోయాను. వెనక్కి తిరిగి చూస్తే ఆ తెల్ల ముక్కల వరస దాని దారి చూపించింది. ఆ గీతను ముందుకు పొడిగించి వెళ్తే వాగు ఒడ్డున దొరికింది.

దొరికిన జింకను వీపు వైపు నుంచి సమీపించండి, చేతిలో తూటా పెట్టిన తుపాకీ ఉండాలి. పొడవాటి పుల్లతో కంటిని తాకండి. రెప్ప కదలకపోతే తుపాకీ తెరిచి తూటా తీసేయండి. అక్కణ్నుంచి కదల్చకముందే ట్యాగ్ రాసి కట్టాలి. మర్నాటి మధ్యాహ్నం పన్నెండులోపు గేమ్ చెక్ చేయాలి, అంటే కొట్టిన జింకను వన్యప్రాణి శాఖ దగ్గర నమోదు చేయాలి.