ఉక్కు కొలిమి లైనింగ్ అరుగుదలను అదుపులో ఉంచే విధానం

ఆక్సిజన్ ఊది ఉక్కు చేసే కన్వర్టర్‌లోనైనా, విద్యుత్ ఆర్క్‌తో లోహాన్ని కరిగించే ఆర్క్ ఫర్నేస్‌లోనైనా మెగ్నీషియా-కార్బన్ ఇటుకల లైనింగ్ (కొలిమి లోపల వేడిని తట్టుకునే పొర) అంతటా ఒకేలా అరగదు. స్లాగ్ (కరిగిన ఉక్కుపై తేలే మలినాల పొర) తాకే స్లాగ్ లైన్, ఉక్కును బయటికి వదిలే ట్యాప్ హోల్ పరిసరాలు, స్క్రాప్ (పాత ఇనుము) వచ్చి పడే వైపు ముందుగా పలచబడతాయి కాబట్టి, లేజర్ స్కానర్‌తో మందాన్ని కొలిచినప్పుడు సగటును కాక అతి పలుచని చోటును చూసి నిర్ణయం తీసుకోవాలి.

తరువాత స్లాగ్ మీద దృష్టి పెట్టండి. అసలు పని అక్కడే ఉంది. స్లాగ్‌లో మెగ్నీషియా తక్కువైతే, తనకు కావలసినదాన్ని అది ఇటుక నుంచే కరిగించుకుంటుంది. అందుకే మెగ్నీషియాను అందించే కాల్చిన డోలమైట్‌ను బ్లో (ఆక్సిజన్ ఊదడం) మొదట్లోనే, సిలికా ఎక్కువగా ఉండి సున్నం ఇంకా పూర్తిగా కరగని దశలో వేయాలి. ఐరన్ ఆక్సైడ్ పెరిగిన స్లాగ్ ఇటుకలోని కార్బన్‌ను హరించి, మిగిలిన మెగ్నీషియా గింజల మధ్యకు చొచ్చుకుపోతుంది కనుక, ఆక్సిజన్‌ను అతిగా ఊదడం, పదే పదే రీబ్లో చేయడం (మళ్లీ ఊదడం) లైనింగ్‌కు అన్నిటికన్నా ఎక్కువ చేటు చేస్తాయని నా దృఢమైన అభిప్రాయం. ట్యాపింగ్ ఉష్ణోగ్రతనూ అవసరానికి మించి పెంచకూడదు.

ట్యాపింగ్ అయ్యాక కన్వర్టర్‌లో కొంత స్లాగ్ మిగిల్చి, డోలమైట్‌తో చిక్కబరచి, నైట్రోజన్‌తో గోడలపైకి చిమ్మించాలి. ఆ పూత అందని చోట్ల గన్నింగ్ చేయాలి (వేడిని తట్టుకునే మిశ్రమాన్ని చిమ్మి అతికించాలి). ఆర్క్ ఫర్నేస్‌లోనైతే నురుగు స్లాగ్ ఆర్క్‌ను కప్పి ఉండేలా చూడాలి. షెల్ (కొలిమి బయటి ఉక్కు తొడుగు) ఎక్కడైనా ఎర్రబడితే, మరమ్మతు సంగతి తరువాత, ముందు కొలిమిని ఖాళీ చేయాలి.