ఊపిరితిత్తి గడ్డకు పెట్ స్కాన్: సూది దగ్గర్నుంచి రిపోర్టు దాకా

పెట్ స్కాన్‌లో వెలిగిందల్లా క్యాన్సర్ కాదు. వెలగనంత మాత్రాన క్యాన్సర్ లేదనీ కాదు. మామూలుగా ఎక్కించే మందు ఎఫ్‌డీజీ, అంటే రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజు లాంటి పదార్థం; అది చేరిన చోటు స్కాన్‌లో వెలుగుతుంది. గ్లూకోజును ఆబగా లాక్కునే కణం ఏదైనా వెలుగుతుంది.

అందుకే స్కాన్‌కు ముందు ఆరు గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. చక్కెర వేసిన టీ, గ్లూకోజు సెలైన్ కూడా వద్దు. ముందురోజు వ్యాయామం, బరువులు మోయడం మానాలి. రక్తంలో షుగర్ 200 (మి.గ్రా./డె.లీ.) లోపుంటే మంచిది. ఎక్కువుందని అప్పటికప్పుడు ఇన్సులిన్ వేసి మందు ఎక్కిస్తే అది కండల్లోకి పోతుంది, గడ్డ మసకబారుతుంది. చర్మం కింద త్వరగా పనిచేసే ఇన్సులిన్ వేస్తే కనీసం 4 గంటలు ఆగాలి, లేదా స్కాన్ మరో రోజుకు మార్చాలి.

మోతాదు కిలోకు సుమారు 0.1 మిల్లీక్యూరీ (రేడియోధార్మికత కొలత), 60 కిలోల మనిషికి 6. గడ్డ కుడివైపుంటే సూది ఎడమ చేతికి. మందు రక్తనాళం బయటికి కారితే ఆ వైపు చంకలో లింఫ్ గ్రంథి వెలిగి, రోగం పాకిందేమోనని భ్రమపెడుతుంది. తర్వాత గంటసేపు దుప్పటి కప్పుకుని, మాట్లాడకుండా పడుకోవాలి. చలేస్తే మెడ దగ్గర కొవ్వు వెలుగుతుంది, మాట్లాడితే స్వరతంత్రులు వెలుగుతాయి. ఒక్క కుడి తంత్రే వెలిగితే జబ్బు అక్కడుందనుకోకండి. ఎడమ ఊపిరితిత్తి మొదట్లోని గడ్డ స్వరతంత్రిని కదిలించే నరాన్ని నొక్కి ఎడమ తంత్రి చచ్చుబడేలా చేస్తే, రెండింటి పనీ కుడిదే చేస్తుంది.

మన దగ్గర అసలు చిక్కు టీబీతోనే. ఎస్‌యూవీ (మందును ఎంతగా లాక్కుందో చెప్పే అంకె) 2.5 దాటితే క్యాన్సరే అనే పాత లెక్క ఇక్కడ నిలవదు; టీబీ గ్రంథి 10 కూడా దాటగలదు. ఛాతీ మధ్య గ్రంథులు వెలిగితే ఈబస్‌తో (శ్వాసనాళంలోకి అల్ట్రాసౌండ్ గొట్టం పంపి) సూది పరీక్ష చేయించండి. దూరంగా ఒకే ఒక్క మచ్చ కనిపిస్తే, రోగం పాకిందని ముక్క పరీక్ష తేల్చకుండా ఆపరేషన్ ఆశ వదులుకోవద్దు.

8 మిల్లీమీటర్ల లోపు గడ్డలు, పల్చటి గ్రౌండ్ గ్లాస్ (సీటీలో గరుకు అద్దంలా మసగ్గా కనిపించే) మచ్చలు వెలగకపోవచ్చు. డయాఫ్రం దగ్గరివి ఊపిరితో కదిలి మసకబారతాయి. కార్సినాయిడ్ (సాధారణంగా నెమ్మదిగా పెరిగే ఒక రకం గడ్డ) అనుమానముంటే గాలియం-68 డోటాటేట్ అనే మరో పెట్ మందు అడగండి. అది గ్లూకోజు వెంట పోదు, ఆ గడ్డ కణాలపై ఉండే సొమాటోస్టాటిన్ (ఒక హార్మోన్) గ్రాహకాన్ని పట్టుకుంటుంది. కొత్తగా వస్తున్న ఫాపీ అనే పెట్ మందుకు ఉపవాసం అక్కర్లేదు, కానీ మచ్చకట్టిన ఊపిరితిత్తిలోనూ వెలుగుతుంది.

మెదడు ప్రధానంగా గ్లూకోజుతోనే నడుస్తుంది కాబట్టి ఎఫ్‌డీజీలో మొత్తం వెలిగిపోతుంది, అక్కడి చిన్న గడ్డ కనబడదు. దానికి కాంట్రాస్ట్ ఎమ్మారై విడిగా తీయించాల్సిందే.