దూరాన ఉన్న సర్వర్ నుంచి ఫైళ్లు వాటంతటవే భద్రంగా దిగేలా చేయడం ఎలా?

చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ లెక్కలైనా, తిరుపతి దుకాణాల అమ్మకాల వివరాలైనా, చెన్నైలోని సర్వర్ నుంచి రోజూ ఎవరో ఒకరు కూర్చొని దించుకోవలసిన పని లేదు. లినక్స్ కంప్యూటరు, ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ (దూరాన ఉన్న కంప్యూటరుతో రహస్య లిపిలో మాట్లాడే ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రాం), క్రాన్ (చెప్పిన వేళకు పనిని దానంతటదే నడిపేది) ఉంటే చాలు. పాస్‌వర్డును బాహాటంగా పంపే పాత ఫైళ్ల బదిలీ పద్ధతి ఎఫ్‌టీపీ జోలికి వెళ్లకండి.

ఈ పనికోసమే ఈడీ25519 రకం కీ జతను (తాళంలా సర్వర్‌లో ఉండే పబ్లిక్ కీ, తాళంచెవిలా మన దగ్గరే ఉండే ప్రైవేట్ కీ) తయారుచేసుకొని, పబ్లిక్ కీని సర్వర్‌లో చేర్పించండి, ప్రైవేట్ కీ ఫైలుకు 600 అనుమతి (యజమాని తప్ప ఎవరూ చదవలేని, మార్చలేని అమరిక) ఇవ్వండి. మనిషి లేకుండా పని నడవాలి కాబట్టి ఆ ప్రైవేట్ కీకి పాస్‌ఫ్రేజ్ (కీని తెరిచే రహస్య పదం) ఉండదు, కనుక సర్వర్‌లో ఆ ఖాతాకు ఎస్ఎఫ్‌టీపీ (ఎస్ఎస్‌హెచ్ ద్వారా ఫైళ్లు పంపే పద్ధతి) తప్ప మరేదీ తెరిచి ఉంచకూడదు.

అసలు జాగ్రత్త పడవలసింది దీని తరువాతే. తొలిసారి కలిసే సర్వర్‌ను నమ్మాలా అని ఎస్ఎస్‌హెచ్ మనల్ని అడుగుతుంది. జవాబు చెప్పే మనిషి లేక స్క్రిప్టు (ఈ పనులను వరుసగా చేసే కమాండ్ల ఫైలు) ఆగిపోతుంది. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి చాలామంది సర్వర్ గుర్తింపును సరిచూసే స్ట్రిక్ట్‌హోస్ట్‌కీచెకింగ్ అమరికను 'నో' చేసేస్తారు. ఇది ఎంతమాత్రం తగదు. మధ్యలో ఎవరైనా సర్వర్ వేషంలో నిలబడితే మీ ప్రైవేట్ కీ వారికి చిక్కదు గానీ, వారు ఇచ్చిన దొంగ ఫైలును మీ స్క్రిప్టు అసలుదిగానే దించుకొని లెక్కల్లో చేర్చేస్తుంది.

సర్వర్ చూసే వారికి మీకు ముందే తెలిసిన నంబరుకు ఫోన్ చేసి, హోస్ట్ కీ (సర్వర్ తన గుర్తింపుగా చూపే కీ) ఫింగర్‌ప్రింట్‌ను, అంటే ఆ కీకి గుర్తుగా ఉండే చిన్న అక్షరాల వరుసను, చదివి వినిపించమనండి. మొదటి నాలుగు అక్షరాలు కలిశాయని ఊరుకోక, మీ తెరపై కనిపించేదానితో చివరిదాకా సరిచూడండి. ఎస్ఎస్‌హెచ్-కీస్కాన్ అనే కమాండుతో తెచ్చుకున్న సర్వర్ కీ కూడా అదే నెట్‌వర్క్ దారిలో వచ్చినదే కాబట్టి, సరిచూడనిదే దానిని నమ్మరాదు. క్రాన్ ఏ యూజరు పేరుతో నడుస్తుందో ఆ యూజరుగానే లాగిన్ అయి, సర్వర్‌కు ఒక్కసారి చేత్తో కనెక్ట్ అయి ఆ ప్రశ్నకు 'యెస్' అని టైపు చేయండి, ఎందుకంటే నమ్మిన సర్వర్ల కీలను దాచే నోన్‌హోస్ట్స్ ఫైలు యూజరుకొకటి ఉంటుంది. తరువాత ఎప్పుడైనా కీ మారిందన్న హెచ్చరిక వస్తే, ఆ ఫైలులోని పాత కీ వరుసను చెరిపేయకముందే మళ్లీ ఫోన్ చేయండి.

మిగిలినది తేలిక. ఎస్ఎఫ్‌టీపీని '-బి' ఆప్షన్‌తో (ఫైలులో రాసి ఉంచిన కమాండ్లను వరుసగా చేయించేది) నడిపితే అది పాస్‌వర్డు కోసం ఎదురుచూడదు, దింపడం విఫలమైతే అక్కడే ఆగి ఆ సంగతి స్క్రిప్టుకు తెలియజేస్తుంది. ఆర్‌సింక్ (ఫైళ్లను పోల్చి నకలు చేసే మరో ప్రోగ్రాం) మేలనేవారు ఉన్నారు గానీ, దానికి సర్వర్‌లో కమాండు నడిపే వీలు ఇవ్వాలి, అందుకే నేను దానిని ఒప్పుకోను. ఫైలును తాత్కాలిక పేరుతో దించి, పూర్తయ్యాకే అసలు పేరు పెట్టండి. క్రాన్‌లో ప్రతి ఫైలుకూ పూర్తి దారి రాసి, దోష సందేశాలను లాగ్ ఫైలులోకి మళ్లించండి.