పికప్ కొనే ముందు: మిడ్‌సైజా, ఫుల్‌సైజా?

అమెరికాలో టయోటా టకోమా వంటి మిడ్‌సైజు పికప్‌కూ, ఫోర్డ్ ఎఫ్-150 వంటి ఫుల్‌సైజు పికప్‌కూ మధ్య ఎటూ తేల్చుకోలేనివారు షోరూముకు వెళ్లకముందే తమ గ్యారేజీని టేపుతో కొలుచుకోవాలి. నాలుగు తలుపుల ఎఫ్-150 పొట్టి బెడ్‌తో (వెనుక సరకు వేసే తొట్టితో) కూడా 19 అడుగులు దాటుతుంది. అదే అమరికలో టకోమా సుమారు ఒకటిన్నర అడుగు తక్కువ ఉంటుంది. వెడల్పును అద్దాలతో సహా చూసుకోవాలి.

బరువు విషయంలో ప్రకటనల్లోని అంకెలను నమ్ముకోరాదు. అవి తరచుగా ఏదో ఒక ప్రత్యేక అమరికకే వర్తిస్తాయి. కొనబోయే బండి డ్రైవరు తలుపు చట్రంపై అంటించిన స్టిక్కరును స్వయంగా చదవాలి. మనుషులూ సరకూ కలిపి ఎన్ని పౌండ్లు మించరాదో అందులో ఉంటుంది. ట్రైలరు బరువులో సాధారణంగా 10 నుంచి 15 శాతం హిచ్‌పై (బండి వెనుక ట్రైలరు తగిలించే కొక్కెంపై) పడుతుందనీ, ఆ భారం కూడా ఈ పరిమితిలోనే ఇమడాలనీ చాలామంది మరచిపోతారు. 6,000 పౌండ్ల ట్రైలరు తగిలిస్తే 600 నుంచి 900 పౌండ్లు అక్కడే పోతాయి. ఆపై నలుగురు పెద్దలు ఎక్కితే మిడ్‌సైజు బండిలో సామానుకు మిగిలేది స్వల్పమే.

4 అడుగుల వెడల్పు ప్లైవుడ్ ఫుల్‌సైజు బెడ్‌లో చక్రాల గూళ్ల మధ్య చదునుగా పడుతుంది, చాలా మిడ్‌సైజు బండ్లలో పట్టదు. అయితే ఏడాదికి రెండు పలకలు తెచ్చుకునేవారు అందుకోసం పెద్ద బండి కొనడం, నా దృష్టిలో, దండగ.

వెనుక సీటులో పొడగరిని కూర్చోబెట్టి చూడాలి. ఇంధనం, టైర్లు, బీమా ఖర్చులను రెండింటికీ విడిగా లెక్కగట్టాలి.