బ్యారెల్ మార్చుకునే సింగిల్ షాట్ రైఫిల్ ఎట్ల చూసి కొనాల

ఇది టెక్సాస్ పక్క ఉండి వేట నేర్చుకుందామనుకునే మన కడప, ప్రొద్దుటూరు పిల్లోళ్ల కోసం రాస్తాండా. ఊర్లో ఉండి చదివేటోళ్లు దీన్ని చూసి లంకమల పక్క పోదామనుకునేరు, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు పడితే కోర్టుల చుట్టూ తిరగాల్సొస్తాది. శెనక్కాయ చేన్లో అడివిపందులు పడినా సొంతంగా తుపాకి ఎత్తేది కాదు, ఫారెస్టోళ్ల దగ్గరికి పోవాల్సిందే.

సరే, అసలు ఇది ఏంది అంటే, ట్రాక్టర్ ఒకటే ఉంటాది, ఎనక మడక్కాయ తీసి రోటవేటర్ తగిలిస్తాం చూడు, అట్ల. ఫ్రేమ్ (ట్రిగ్గరూ, తూటాని పేల్చే సుత్తి అంటే హ్యామరూ ఉండే ఎనక భాగం) ఒకటే, ముందర బ్యారెల్ (తూటా పోయే గొట్టం) మారుస్తాండేది. కీలు దగ్గర మడిచి తెరిచి ఒక్కో తూటా పెట్టేది కాబట్టే సింగిల్ షాట్ అంటారు. బ్యారెల్ కింద ఉండే ముందుకట్టె స్క్రూలు ఇప్పి, కీలు దగ్గరుండే లావు పిన్ను తోసేస్తే బ్యారెల్ చేతికొస్తాది, ఇంకోటి పెట్టి పిన్ను కొట్టేది, అంతే, ఐదు నిమిషాల పని. అమెరికాలో చట్టం దృష్టిలో తుపాకి అంటే ఆ ఫ్రేమే కాబట్టి ఒక్కసారి దాన్ని కొనుక్కుంటే విడి బ్యారెళ్లు ఇంటికే తెప్పించుకోవచ్చు.

కానీ కొనే ముందు వీసా సంగతి చూసుకోవాల, మనోళ్లు శానామంది ఇక్కడే తడబడతారు. గ్రీన్ కార్డ్ ఉంటే ఇబ్బంది లేదు. హెచ్1బి, హెచ్4, ఎఫ్1 మీద ఉండేవాళ్లకు తుపాకి కొనేది కాదు, దగ్గర పెట్టుకునేది కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధమే, కాకపోతే చెల్లుబాటులో ఉండే ఏదైనా రాష్ట్రం వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉండాది. ఆ లైసెన్సు గడువు అయిపోయినాక తుపాకి నీ బీరువాలో ఉంటే అది నీకు చిక్కే, కాబట్టి రెన్యువల్ తేదీ ఫోన్‌లో పెట్టుకో. ఇంగ టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినోళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి, 17 ఏళ్లు దాటినోళ్లు ఆన్‌లైన్‌లో చేసేయొచ్చు.

ఇప్పుడు ఫ్రేమ్. నా మాట అడిగితే బ్యారెల్ చూసి మురిసిపోయి ఫ్రేమ్ కొనొద్దు, ముందు ఫ్రేమ్ తేల్చుకో, ఎందుకంటే రేపు ఏ తూటా కాల్చగలవు అనేది అదే తేలుస్తాది. ఈ రకంలో పాత పేరు థాంప్సన్ సెంటర్, వాళ్ల కంటెండర్ 1967లో వచ్చింది, .223, .30-30 మాదిరి తూటాలకు సరిపోతాది. .308, .30-06 లాంటి బలమైన వాటికి వాళ్లదే ఎన్‌కోర్ కావాల. దీని బ్యారెల్ దానికి పట్టదు, పాత సామాను అమ్మేవాళ్ల దగ్గర చౌకగా దొరికిందని బ్యారెల్ ముందే కొనేస్తే అది గోడకు ఆనించుకోను పనికొస్తాది. ఆ కంపెనీ 2007లో స్మిత్ అండ్ వెస్సన్ చేతికి పోయి, 2021లో వాళ్లు కూడా వదిలించుకుంటామన్నారు, 2024లో మళ్లీ చేతులు మారింది, అందుకే ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే చూసుకోవాల, బ్యారెళ్లు మాత్రం బయట చేసేటోళ్లు ఉండారు. హ్యాండి రైఫిల్ అని ఇంకోటి చౌకగా కనపడతాది, కానీ దాంట్లో ఇంకో బ్యారెల్ కావాలంటే ఫ్రేమ్‌ని ఫ్యాక్టరీకి పంపి అమర్పించుకోవాల్సి ఉండె, ఇప్పుడు ఆ దారి లేదు, నేనైతే పోను. డబ్బులు దండిగా ఉంటే జర్మనీ బ్లేజర్ కె95 చూడొచ్చు, చేతిలో పట్టుకుంటే తెలుస్తాది ఎందుకంత రేటో.

సెకండ్ హ్యాండ్‌ది చూసేటప్పుడు ముందు ఖాళీగా ఉందా లేదా నీ కళ్లతో చూసుకో. తర్వాత ముందుకట్టె తీసేయమని అడుగు. తుపాకి మూసి, ఒక చేత్తో ఫ్రేమ్, ఇంకో చేత్తో బ్యారెల్ పట్టుకుని పక్కకు, పైకీ కిందికీ కదిలించు. టిక్ టిక్ మని ఆడిందంటే గొళ్లెమో పిన్నో అరిగినట్టు. బ్యారెల్ ఎనక ముఖానికీ ఫ్రేమ్‌కీ మధ్య సందు ఎక్కువుంటే తూటా డొప్ప సాగి చీలే ప్రమాదం ఉండాది, అందుకే ప్రతి బ్యారెల్‌నీ ఆ ఫ్రేమ్ మీదనే పెట్టి తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌తో కొలిపించాల, ఒకటి బాగుంది కదా అని రెండోదాన్ని వదిలేయొద్దు.

బ్యారెళ్లు ఎన్ని? రెండు చాలు. జింకలకూ పందులకూ .308, భుజం మీద దెబ్బ ఓర్చుకోలేనోళ్లకు దాని బదులు .243, ఇంకోటి పిట్టలకు 20 గేజ్ (చిన్న గుండ్లు చల్లే షాట్‌గన్ సైజు). ఈ రైఫిళ్లు తేలికగా ఉంటాయి, మామూలు రైఫిల్‌లో ముందుకీ ఎనక్కీ లాగే బోల్ట్ వీటికి ఉండదు కాబట్టి అదే బ్యారెల్ పొడుగుకు మొత్తం తుపాకి పొట్టిగా వస్తాది, మోసేదానికి సుఖమే గానీ .300 మాగ్నం లాంటివి పెట్టినావంటే భుజం వాచిపోతాది. ఒహాయో, అయోవా పక్క ఉండేటోళ్లు జింకల సీజన్‌లో స్ట్రెయిట్ వాల్ తూటాల (మెడ లేకుండా డొప్ప నేరుగా ఉండేవి) రూల్ చూసుకుని .350 లెజెండ్ లాంటిది తీసుకోండి.

ఖర్చు లెక్కేసేటప్పుడు స్కోపు (గురి చూసే దుర్బిణి) మర్చిపోతారు. స్కోపు కూర్చునేది బ్యారెల్ మీద, కాబట్టి బ్యారెల్‌కొక స్కోపు బిగించి వదిలేస్తే మార్చినా గురి పెద్దగా తప్పదు, ఒకటే స్కోపు అటూ ఇటూ మారుస్తాంటే ప్రతిసారీ రేంజ్‌కి పోయి తూటాలు తగలేయాల. స్కోపు కింద హ్యామర్‌కి బొటనవేలు అందదు, పక్కకు వచ్చే చిన్న పొడిగింపు ముక్క దొరుకుతాది, వేయించుకో. హ్యామర్ దించేటప్పుడు వేలు జారితే పేలుతాది, తూటా తీసేసి దించేది మంచిది.

ఒకటికి మించి బ్యారెల్ ఉన్నోళ్లకు పెద్ద ప్రమాదం తూటాలు కలిసిపోవడమే. 20 గేజ్ తూటా దానికన్నా బొక్క లావుండే 12 గేజ్ బ్యారెల్‌లో పడితే లోపలికి జారి ఇరుక్కుంటాది, బయటికి ఖాళీగానే కనపడతాది, దాని ఎనక 12 పెట్టి కాలిస్తే బ్యారెల్ చేతిలోనే పగులుతాది. 20 గేజ్ తూటాలు పసుపు రంగులో చేసేది ఇందుకే. జేబులో ఆ రోజు బ్యారెల్ తూటాలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఇంకొకటి, ఈ ఫ్రేమ్‌లకు పిస్టల్ బ్యారెళ్లు కూడా అమ్ముతారు, భుజానికి ఆనించే స్టాక్ ఉన్న ఫ్రేమ్‌కి 16 ఇంచుల కన్నా పొట్టి రైఫిల్ బ్యారెల్ బిగిస్తే రిజిస్ట్రేషన్ లేకుండా అది నేరం.

సంక్రాంతికి ఊరికొచ్చేటప్పుడు వేటకు తీసకపోయిన బ్యాగు తేవద్దు. పక్క జిప్పులో మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనపడినా ఆయుధాల చట్టం కింద కేసు, నాయన వచ్చి స్టేషన్ దగ్గర కూచోవాల్సొస్తాది.